న్యాయాధికారి కాపురం కోర్టున్న ఊళ్లోనే ఉండాలి

సంపాదకులకు,

అయ్యా,

పంచాయతీ సమితి స్థాయిలో ఉండే గ్రామ న్యాయాలయాలకూ, చిన్న పట్టణాల్లోని మేజిస్ట్రేటు కోర్టులకూ నియమించే న్యాయాధికారులు తప్పనిసరిగా స్థానికులై ఉండాలన్న కోరిక మా ఒడిశా సరిహద్దు జిల్లాల్లో కొంతకాలంగా గట్టిగా వినబడుతోంది. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగువాళ్లలోనూ, కొండల మీది సవరల్లోనూ ఈ మాట అనని పెద్దమనిషి అరుదు. ఈ కోరిక వెనకున్న బాధ నాకు తెలుసు, అది న్యాయమైన బాధే. కానీ మనం అడుగుతున్నది మాత్రం సరైనది కాదు. జడ్జి ఎక్కడ పుట్టాడని గాని, నియామకానికి ముందు ఎన్నేళ్లు ఎక్కడ ఉన్నాడని గాని మనం అడగకూడదు. నియామకమైన నాటి నుంచి బదిలీ అయ్యే నాటి వరకు ఆయన కాపురం ఎక్కడుందో అడగాలి. ఈ రెండు కోరికలకూ తేడా చాలా ఉంది. మొదటిది రాజ్యాంగం ముందు నిలవదు, నిలిచినా మనకు మేలు చేయదు. రెండోది ఇప్పటికే నియమాల్లో ఉంది. దాన్ని అమలు చేయించుకోవడమే మన చేతుల్లో ఉన్న పని.

నేను గజపతి జిల్లావాసిని. కోర్టు కార్యాలయంలో నకళ్లు రాసే గుమాస్తాగా చేరి, బెంచి క్లర్కుగా పనిచేసి, శిరస్తాదారుగా, అంటే కోర్టు కార్యాలయంలో పెద్ద గుమాస్తాగా, రిటైరయ్యాను. ఏ ఊళ్లలో, ఏ అధికారుల దగ్గర పనిచేశానో ఇక్కడ రాయను. ఎవరినీ వేలెత్తి చూపడం ఈ లేఖ ఉద్దేశం కాదు. బెంచి పక్కన కూర్చుని ఇరుపక్షాల ముఖాలూ చూసినవాడిగా, సాయంత్రం కోర్టు తలుపులు మూసుకున్నాక ఏం జరుగుతుందో తెలిసినవాడిగా మాత్రమే రాస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి. ప్రభుత్వోద్యోగాల విషయంలో పుట్టిన చోటును బట్టి గాని, నివాసాన్ని బట్టి గాని పౌరుల మధ్య వివక్ష చూపకూడదని రాజ్యాంగం 16వ అధికరణం రెండో క్లాజు చెబుతుంది. నివాస షరతు పెట్టదలిస్తే ఆ అధికారం పార్లమెంటుకు మాత్రమే ఉందని మూడో క్లాజు చెబుతుంది. ఆ అధికారంతో 1957లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ఆసరాతో తెలంగాణ ప్రాంతంలో ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న ముల్కీ షరతు కొనసాగింది. 1969లో ఎ.వి.ఎస్. నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటును కొట్టివేస్తూ, రాష్ట్రం మొత్తాన్ని ఒక్కటిగా తీసుకుని నివాస షరతు పెట్టవచ్చు గాని, రాష్ట్రంలో ఒక భాగానికి పరిమితం చేసి పెట్టే అధికారం పార్లమెంటుకు కూడా లేదని తేల్చింది. ఆ తర్వాత తెలుగునేల మీద ఎంత అలజడి రేగిందో, ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యం కల్పించే 371-డి అధికరణం ఎలా వచ్చిందో మీ పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. అయితే ఆ అధికరణం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకే గాని ఒడిశాకు వర్తించదు. కాబట్టి గజపతి జిల్లా కోర్టుల్లో గజపతి జిల్లావాసినే నియమించాలని అడిగితే, ఆ అర్జీ ఎంత ఆవేదనతో రాసినా కటక్‌లో హైకోర్టు ముందు మొదటి వాయిదాకే వీగిపోతుంది.

గిరిజనుల కోసం రాజ్యాంగం ప్రత్యేకంగా గుర్తించిన షెడ్యూల్డు ప్రాంతం కాబట్టి మనకు మినహాయింపు ఉంటుందనేవారూ ఉన్నారు. రాయగడ, కోరాపుట్, నవరంగపూర్, మల్కనగిరి జిల్లాలు పూర్తిగా అయిదో షెడ్యూలు కిందికి వస్తాయి. మా గజపతి జిల్లాలో ఆర్.ఉదయగిరి తాలూకా, గుమ్మ, రాయగడ బ్లాకులు కూడా వస్తాయి. అయినా 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన తీర్పు చూడాలి. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000 జనవరిలో తెచ్చిన జీవో 3ను ఆ తీర్పు కొట్టివేసింది. ఆ జీవో ఎందుకు తెచ్చారో గుర్తు చేసుకోవడం అవసరం. మైదాన ప్రాంతాల నుంచి వచ్చిన టీచర్లు కొండ ఊళ్లలో నిలవకపోవడం, నెలలో సగం రోజులు బడికి తాళం ఉండడం దానికి ముఖ్య కారణాలు. అంటే అక్కడి అసలు జబ్బు కూడా ఉద్యోగి ఉద్యోగం చేసే చోట ఉండకపోవడమే. దాన్ని పుట్టుకతో ముడిపెట్టి పరిష్కరించబోయేసరికి వ్యవహారం న్యాయస్థానంలో చిక్కుకుంది, ఇరవై ఏళ్ల శ్రమ పోయింది. అదే తోవలో మనమూ నడవనక్కర్లేదు.

చట్టాన్ని పక్కన పెట్టి చూసినా, స్థానికుడైనంత మాత్రాన న్యాయం జరుగుతుందనుకోవడం మన చరిత్ర మరిచిపోవడమే. మా ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో ఉండేది. ఆ ప్రెసిడెన్సీలో 1816 నాటి రెగ్యులేషన్ గ్రామ మునసబుకు చిన్నపాటి డబ్బు దావాలు తీర్చే అధికారం ఇచ్చింది. 1889 నాటి గ్రామ కోర్టుల చట్టం దాన్ని కొత్తగా కట్టుదిట్టం చేసింది. మునసబు ఊరివాడే. ఎవరి పొలం గట్టు ఎక్కడుందో, ఎవరు ఎవరికి ఎంత బాకీయో ఆయనకు తెలుసు. ఖర్చు లేకుండా, వకీలు లేకుండా ఎన్నో తగాదాలు అరుగు మీదే తీరిపోయిన మాటా నిజం. కానీ ఊళ్లో రెండు పార్టీలుంటే మునసబు వాటిలో ఒక పార్టీవాడు. పాలేరు తన కామందు మీద దావా వేయాలంటే ఆ కామందు బంధువు ముందే వేయాలి. మాలపేట నుంచి, సవరపల్లె నుంచి ఎంతమంది ఆ అరుగు ఎక్కగలిగారు? ఊరితనం తీర్పుకు ఎంత మేలు చేసిందో అంత కీడూ చేసింది. అందుకే ఇప్పటి న్యాయవ్యవస్థ అధికారిని సొంత జిల్లాలో వేయకుండా, ఒకేచోట ఏళ్ల తరబడి ఉంచకుండా బదిలీ చేస్తూ ఉంటుంది. ఆ పద్ధతిని నేను పూర్తిగా సమర్థిస్తాను.

దీనికి వ్యతిరేకమైన అనుభవం కూడా మా కొండలకు ఉంది. పర్లాకిమిడి, గుంసూరు ప్రాంతాల్లో తిరుగుబాట్లు జరిగిన తర్వాత, 1839లో చేసిన చట్టంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి కలెక్టరుకు అప్పగించారు. గవర్నరు ఏజెంటు హోదాలో సివిలూ క్రిమినలూ ఆయనే చూసేవాడు. ఏజెన్సీ అన్న పేరు అలా వచ్చిందే. కానీ గంజాం కలెక్టరు ఉండేది సముద్రం ఒడ్డున ఛత్రపురంలో, విశాఖ కలెక్టరు ఉండేది విశాఖలో. కొండ జ్వరానికి భయపడి దొరలు కొండల్లో రాత్రి నిలవడానికి జంకేవారు. అధికారి దూరంగా ఉంటే ఆ ఖాళీలోకి ఎవరొస్తారో కొండవాళ్లకు బాగా తెలుసు. కొండ ఊళ్ల మీద శిస్తు వసూలు చేసే ముఠాదారు వస్తాడు, సావుకారు వస్తాడు, బంట్రోతు వస్తాడు. ఊరివాడే జడ్జి అయితే ఏమవుతుందో మునసబుల కాలంలో, జడ్జి ఊళ్లోనే ఉండకపోతే ఏమవుతుందో ఏజెంట్ల కాలంలో మన పెద్దలు చూశారు.

ఇక న్యాయాధికారి కోర్టున్న ఊళ్లో కాపురముంటే ఏం ఒరుగుతుందన్న ప్రశ్న. పగలు పదిన్నర నుంచి అయిదు వరకు బెంచి మీద ఉంటే చాలదా అని చదువుకున్నవారే అడుగుతుంటారు. మేజిస్ట్రేటు పనిలో అతి ముఖ్యమైన భాగం చాలాసార్లు కోర్టు వేళల బయటే జరుగుతుందని వారికి తెలియదు. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. ఈ లెక్కకు ఆదివారం లేదు, పండగ లేదు, ప్రయాణకాలం ఒక్కటే మినహాయింపు. శనివారం సాయంత్రం పట్టుకొచ్చిన కుర్రాణ్ని ఆదివారం మేజిస్ట్రేటు క్వార్టరు వరండాలో నిలబెడతారు. అధికారి బయటికి వచ్చి పేరు అడిగి, కొట్టారా అని అడిగి, ఒంటి మీద దెబ్బలు చూసి, రిమాండు కాగితం చదివి, రిమాండు అవసరం లేదనుకుంటే వదిలేస్తారు. ఆ వరండాలో గడిచే పది నిమిషాలే ఒక పేదవాడికి రాజ్యాంగం ఇచ్చిన రక్షణ. అధికారి శుక్రవారం రాత్రి బస్సెక్కి భువనేశ్వర్ వెళ్లిపోతే ఆ కుర్రాణ్ని పక్క కోర్టు స్టేషన్‌లో ఉన్న ఇన్‌చార్జి అధికారి దగ్గరికి జీపులో ఘాట్ రోడ్డు మీదుగా తీసుకుపోవాలి. తల్లీ తండ్రీ వెనకాల వెళ్లలేరు, వకీలు రాడు. ఆ ఇన్‌చార్జి అధికారికి ఈ ఊరి ఎస్సై ఎలాంటివాడో తెలియదు. కాగితం మాత్రం నిబంధన ప్రకారం తయారవుతుంది.

చనిపోబోయే మనిషి చెప్పే మాట రాసుకునే మరణవాంగ్మూలం సంగతి ఇంకా బాధాకరం. నేను బెంచి క్లర్కుగా ఉన్న రోజుల్లో ఒక రాత్రి కాలిన గాయాలతో ఒక ఇల్లాలిని ఆసుపత్రికి తెచ్చారు. డాక్టరు చీటీ పట్టుకుని ఆసుపత్రి మనిషి మేజిస్ట్రేటు ఇంటి తలుపు తట్టాడు. ఆయన సంబల్‌పూర్ వైపు ఒడియా మనిషి, మా స్టేషన్‌కు వచ్చి అప్పటికి రెండో ఏడు నడుస్తోంది, కుటుంబంతో అక్కడే ఉండేవారు. నన్ను లేపించి నడుచుకుంటూ బయలుదేరారు. మంచం దగ్గరున్న భర్తనూ అత్తవారినీ బయటికి పంపించి, మాట్లాడగల స్థితిలో ఉందని డాక్టరు చేత రాయించుకుని, తాను ఎవరో, ఎందుకొచ్చారో ఆమెకు తెలుగులో చెప్పారు. ఆ తెలుగు మార్కెట్లో కూరగాయలు కొంటూ, ఇంటి పనిమనిషితో మాట్లాడుతూ నేర్చుకున్న తెలుగు. వ్యాకరణం సరిగా లేదు గాని ఆమెకు అర్థమైంది. ఆమె చెప్పిన ప్రతి మాటనూ, అర్థం మార్చకుండా, తెలుగు మాటల్నే ఒడియా లిపిలో రాసుకున్నారు. వేళ్లు కాలిపోవడంతో కాలి బొటనవేలి ముద్ర తీసుకున్నాం. తెల్లవారేలోగా ఆమె పోయింది. ఆ కాగితం మీద ఆమె మాట ఆమె మాటగానే మిగిలింది.

అదే జిల్లాలో మరో స్టేషన్‌లో, మరో సంవత్సరం ఇలాంటి సందర్భమే వచ్చింది. అక్కడి అధికారి ఊళ్లో లేరు. కబురు పక్క స్టేషన్‌కు వెళ్లి, అక్కడి అధికారి బయలుదేరి వచ్చేసరికి చెప్పాల్సిన మనిషికి స్పృహ లేదు. మేజిస్ట్రేటే రాయాలన్న నిర్బంధం చట్టంలో లేదు, డాక్టరు రాసినా చెల్లుతుంది. అయితే డాక్టరుకు ఆ క్షణంలో ప్రాణం నిలబెట్టే పని ఉంటుంది. పోలీసులు రాసిన దానిని విచారణలో డిఫెన్సువారు చీల్చి చెండాడుతారు. ఈ రెండు రాత్రులకూ మధ్య ఉన్న తేడా అధికారుల చదువులో లేదు, నిజాయితీలో లేదు. ఇద్దరూ మంచివారే. ఒకరు కోర్టుకు నడిచి వచ్చేంత దూరంలో ఉన్నారు, ఒకరు లేరు.

సివిల్ కేసుల్లో కూడా కాపురం లేని లోటు మరో రూపంలో బయటపడుతుంది. మా కొండ పల్లెల్లో సంత రోజంటే ఉప్పూ కిరసనాయిలూ కొనుక్కునే రోజు మాత్రమే కాదు, చింతపండూ జీడిపిక్కలూ అమ్ముకుని వారం గడవడానికి డబ్బు చేసుకునే రోజు. ఆ ఊరి సంత ఏ వారమో తెలియని అధికారి సాక్షుల వాయిదా సరిగ్గా ఆ రోజే వేస్తారు. సాక్షి రాడు. సాక్షి రాలేదని ప్రతివాది వకీలు రాయించుకుంటాడు, రెండోసారీ రాకపోతే వారంటు. వారంటు తీసుకుని పోలీసు పల్లెకు వెళ్లేసరికి సాక్ష్యం చెప్పడమంటేనే ఊరంతా భయపడుతుంది. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు. ఊళ్లో ఉన్న అధికారి అయితే సంత రోజు వీధి ఖాళీగా ఉండడం కిటికీలోంచి చూస్తారు, ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంటారు. జీడిపిక్కల కాలంలో ఎవరు ఎక్కడుంటారో, వంశధార పొంగితే కాశీనగరం వైపు ఏ ఊళ్లకు దారి తెగుతుందో, గుణుపురం పాసింజరు ఆలస్యమైతే ఎంతమంది కక్షిదారులు పన్నెండు దాటాక గాని కోర్టు మెట్లెక్కలేరో, ఇవేవీ కేసు కట్టల్లో ఉండవు.

తగాదా ఉన్న స్థలాన్ని జడ్జి స్వయంగా వెళ్లి చూడవచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ 18వ ఆర్డరు 18వ రూలు ఎప్పుడో చెప్పింది. నా సర్వీసులో ఈ రూలును వాడిన అధికారులను తలుచుకుంటే, ప్రతి ఒక్కరూ స్టేషన్‌లో కాపురమున్నవారే. మిగతావారు అడ్వకేటు కమిషనరును పంపించి, ఆయన రిపోర్టు మీద అభ్యంతరాలు, అభ్యంతరాల మీద వాదనలు వింటూ ఏళ్లు గడిపారు. గట్టు మీదికి వెళ్లి పావుగంట నిలబడితే తేలిపోయే తగాదాలు అందులో ఎన్నో ఉన్నాయి.

భాష విషయం ఇంతకుముందే కొంత చెప్పాను. ఒడిశా న్యాయ సర్వీసులో చేరేవారికి ఒడియా వచ్చి ఉండాలన్న నిబంధన ఉంది, అది సబబైనదే. మేము ఒడిశా పౌరులం, కోర్టు భాష ఒడియా అయినందుకు మాకు ఫిర్యాదు లేదు. తెలుగువాణ్నే జడ్జిగా వేయాలని అడిగితే రేపు సవరలు సవరవాణ్నే వేయాలని, కువి మాట్లాడే కొంధులు తమవాణ్నే వేయాలని అడగడంలో తప్పేముంది? అందరికీ ఒక్కొక్క జడ్జిని ఇవ్వడం ఎవరివల్లా కాదు. కానీ ఊళ్లో ఉంటే పెద్దవాళ్లు కూడా భాష నేర్చుకుంటారన్నది మా పర్లాకిమిడికి తెలిసినంతగా మరే ఊరికీ తెలియదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూనే సవర నేర్చుకున్నారు. ఆయన పుట్టుకతో సవర కాదు. సవరల మధ్య మెలిగి, వారిలో ఒకరిని ఇంట్లో పెట్టుకుని భోజనం పెట్టి మరీ నేర్చుకున్నారు. అంతటి కృషి ప్రతి మేజిస్ట్రేటు నుంచీ ఆశించడం లేదు. సాక్షి తలూపడం అవుననడమో కాదనడమో తెలిసేంత, దుబాసీగా నిలబడ్డ బంట్రోతు చెబుతున్నది సాక్షి చెప్పినదేనా అని అనుమానించగలిగేంత తెలిస్తే చాలు. అంత మాత్రం భాష ఏడాది కాపురంతో ఎవరికైనా వస్తుంది, వారానికి అయిదు పగళ్లతో రాదు.

2008లో పార్లమెంటు గ్రామ న్యాయాలయాల చట్టం చేసినప్పుడు ఇవన్నీ కొంతవరకు ఆలోచించినట్టే కనిపిస్తుంది. లా కమిషన్ 1986లో తన 114వ నివేదికలో చేసిన సిఫారసుకు ఇది ఆలస్యంగా వచ్చిన ఫలం. 2009 అక్టోబర్ 2 నుంచి చట్టం అమల్లో ఉంది. పంచాయతీ సమితి స్థాయిలో ఒక న్యాయాలయం ఉంటుంది. హైకోర్టును సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం న్యాయాధికారిని నియమిస్తుంది. ఫస్ట్ క్లాస్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు కావడానికి ఉన్న అర్హతే దీనికీ అర్హత. జిల్లావాసి కావాలన్న షరతు చట్టంలో ఎక్కడా లేదు, లేకపోవడమే మంచిది. న్యాయాధికారికి వ్యాజ్యంలో స్వప్రయోజనం ఉన్నా, పక్షాల్లో ఎవరితోనైనా బంధుత్వం ఉన్నా ఆ కేసు వినకూడదని 8వ సెక్షన్ చెబుతుంది. మునసబుల కాలంలో జరిగిన కీడుకు ఇది జవాబు. 9వ సెక్షన్ ఆయన అప్పుడప్పుడు ఊళ్లకు వెళ్లి, పక్షాల నివాసానికి దగ్గరలోనే విచారణ జరపాలని చెబుతుంది. ఏజెంట్ల కాలపు దూరానికి ఇది జవాబు.

ఇంత ఆలోచించిన చట్టానికి డబ్బు కేటాయించినప్పుడు ఒక్క విషయం మరిచిపోయారు. ఒక్కో గ్రామ న్యాయాలయానికి కేంద్రం మొదట్లో ఒకసారి ఇచ్చే సాయం 18 లక్షల రూపాయలుగా నిర్ణయించారు. అందులో కోర్టు భవనానికి 10 లక్షలు, వాహనానికి 5 లక్షలు, బల్లలూ కుర్చీలూ ఇతర సామానుకు 3 లక్షలు. న్యాయాధికారి రాత్రి తల దాచుకోవడానికి ఇల్లు అన్న పద్దు ఆ లెక్కలో లేదు. ఈ లెక్క చూసిన ప్రతిసారీ నాకు బాధేస్తుంది. వాహనం ఊళ్లు తిరగడానికి ఇచ్చారు. ఉండడానికి ఇల్లు లేకపోతే అదే వాహనం ప్రతి సాయంత్రం జిల్లా కేంద్రానికి తిరిగి పోవడానికి పనికొస్తుంది. కోర్టులకూ క్వార్టర్లకూ వేరే కేంద్ర పథకం ఉంది, 1993-94 నుంచి నడుస్తోంది. 2021లో దాన్ని అయిదేళ్లు పొడిగిస్తూ 9,000 కోట్లు ప్రకటించారు. ఆ పథకం కింద మా కొండ బ్లాకుల్లో నాలుగు గదుల ఇల్లు కట్టించడం ప్రభుత్వానికి అసాధ్యమైన పని కాదు, అడిగేవాళ్లు లేరంతే. ప్రతి న్యాయాధికారికీ నివాస వసతి కల్పించాలని, ప్రభుత్వ భవనం లేనిచోట ఇల్లు తీసుకుని అయినా ఇవ్వాలని సుప్రీంకోర్టు 1991 నవంబరులోనే అఖిల భారత న్యాయాధికారుల సంఘం కేసులో ఆదేశించింది. ఈ ఆదేశం వచ్చి మూడు దశాబ్దాలు దాటాయి.

మూడు అభ్యంతరాలకు జవాబు చెప్పాలి. జడ్జి ఊళ్లో ఉంటే ఊరి పెద్దలు చుట్టుముడతారని, పెళ్లిళ్లకూ పూజలకూ పిలిచి మొహమాట పెడతారని అంటారు. ఈ భయం నిజమైనదే. ఉన్నత న్యాయస్థానాల న్యాయమూర్తుల కోసం 1997లో సుప్రీంకోర్టు ఆమోదించిన విలువల ప్రకటన కూడా పదవికి తగిన ఎడం పాటించాలనే చెప్పింది. కానీ నేను చూసిన అధికారుల్లో ఊళ్లో ఉంటూ ఎవరింట్లోనూ కాఫీ తాగనివారు ఉన్నారు. ఊళ్లో ఉండకుండానే, కారులో ఎక్కించుకుని దింపే కాంట్రాక్టరుకు కట్టుబడిపోయినవారూ ఉన్నారు. రెండో అభ్యంతరం వీడియో విచారణ. సాక్షి ఎక్కడున్నా తెర మీద కనిపిస్తున్నప్పుడు జడ్జి ఎక్కడుంటే ఏమిటని కుర్ర వకీళ్లు అంటారు. డాక్టరు సాక్ష్యానికీ, బదిలీ అయి వెళ్లిన ఎస్సై సాక్ష్యానికీ వీడియో ఎంతో మేలు చేసింది, ఆ మేలు నేను కాదనను. గుమ్మ బ్లాకు కొండ మీద సిగ్నలు లేని ఊళ్లో ఉన్న ముసలమ్మకు అది అందదు, వీపు మీది దెబ్బలు తెర మీద కనబడవు.

మూడో అభ్యంతరం మాత్రం బరువైనది. ఇప్పుడు న్యాయ సర్వీసులో చేరుతున్నవారిలో ఆడపిల్లలు చాలామంది. పాతికేళ్ల అమ్మాయిని ఒంటరిగా ఒక బ్లాకు కేంద్రంలో, కాపలా లేని అద్దె ఇంట్లో, రాత్రి నిందితులను హాజరు పరిచే చోట ఉండమనడం ఎవరికైనా సులువా? భర్త ఉద్యోగం వేరే ఊళ్లో, పిల్లల చదువు మరో ఊళ్లో ఉన్న అధికారిని నియమం పేరుతో మాత్రమే కట్టేయలేం, కట్టేయకూడదు కూడా. ఇల్లు, ప్రహరీ, రాత్రి కాపలా, నీళ్లు, దగ్గరలో ఆసుపత్రి, ఇవి ఇవ్వకుండా నివాసం అడిగే హక్కు మనకు లేదు. జస్టిస్ పి. వెంకటరామరెడ్డిగారి అధ్యక్షతన పనిచేసిన రెండో జాతీయ న్యాయ వేతన సంఘం కొండ ప్రాంతాల్లో, కష్టమైన చోట్ల పనిచేసేవారికి ప్రత్యేక భత్యం ఇవ్వాలని చెప్పడంలో ఉద్దేశం ఇదే. అలాంటి చోట రెండేళ్లు నిజంగా కాపురమున్న అధికారికి తర్వాతి బదిలీలో కోరుకున్న స్టేషన్ ఇస్తే, ఇక్కడికి రావడం శిక్ష అనుకునే అలవాటు కొంతైనా తగ్గుతుంది.

నియామకానికి ముందు నివాసం, నియామకం తర్వాత నివాసం వేర్వేరని గుర్తించిన దేశాలు ఉన్నాయి. అమెరికాలో అధ్యక్షుడు నియమించే ఫెడరల్ జిల్లా జడ్జి అంతకుముందు ఆ జిల్లావాసి అయి ఉండాలని అక్కడి చట్టం అడగదు. నియామకం తర్వాత తన జిల్లాలోనే నివసించాలని మాత్రం స్పష్టంగా రాసింది, వాషింగ్టన్, న్యూయార్క్ వంటి కొన్ని నగర జిల్లాలకే సడలింపు ఇచ్చింది. మనకూ ఇలాంటి నియమం లేదని కాదు. అనుమతి లేనిదే హెడ్‌క్వార్టర్ విడిచి వెళ్లకూడదన్న కట్టుబాటు న్యాయాధికారులకు ఎప్పటి నుంచో ఉంది. ఆ అనుమతి కాగితాలు నా చేతుల మీదుగానే ఫైలు కట్టల్లోకి వెళ్లేవి. అవి చూసే తీరిక పైవారికి ఉండదు, చూసే హక్కు ఊరివారికి లేదు.

ఇది ఒక్క ఒడిశా తెలుగువారి సమస్య కాదు. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా తెలుగువాళ్లకు తమ జిల్లా కేంద్రం దాదాపు 200 కిలోమీటర్ల దూరం. మధ్యలో అడవి. గోదావరి అవతల కాళేశ్వరం మాత్రం ఎదురుగా కనిపిస్తుంది. సిరొంచలో కూర్చునే అధికారి సిరొంచలో ఉండకపోతే అక్కడి మనిషికి కలిగే కష్టం మా కొండవాళ్ల కష్టం కన్నా పెద్దదే గాని చిన్నది కాదు.

కాబట్టి మా సరిహద్దు జిల్లాల బార్ అసోసియేషన్లనూ, తెలుగు సంఘాలనూ నేను కోరేది ఇది. రాష్ట్ర ప్రభుత్వానికీ హైకోర్టుకూ ఇకపై రాసే వినతిపత్రాల్లో న్యాయాధికారి స్థానికుడై ఉండాలన్న వాక్యం తీసివేయండి. కొత్త గ్రామ న్యాయాలయానికి నోటిఫికేషన్ ఇచ్చేటప్పుడే న్యాయాధికారి క్వార్టరుకు స్థలమూ నిధులూ చూపించాలని, ఇల్లు పూర్తయ్యేలోగా కాపలాతో సహా అద్దె ఇల్లు ప్రభుత్వమే తీసుకోవాలని రాయండి. సెలవు రోజుల్లో, రాత్రుళ్లలో రిమాండుకూ మరణవాంగ్మూలానికీ ఏ అధికారి అందుబాటులో ఉన్నారో, లేకపోతే ఇన్‌చార్జి ఎవరో, ఆసుపత్రిలోనూ పోలీసు స్టేషన్‌లోనూ కోర్టు నోటీసు బోర్డు మీదా ప్రతి శుక్రవారం సాయంత్రానికి ఒడియాలోనూ తెలుగులోనూ అతికించాలని అడగండి. ఈ చివరి పనికి చట్టం మార్చనక్కర్లేదు, బడ్జెట్టు అక్కర్లేదు, జిల్లా జడ్జిగారు ఒక సర్క్యులర్ ఇస్తే వచ్చే వారం నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ శిరస్తాదారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.